శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి చరిత్రము: పాపమునకు రాజదండనము తగునా?

ధర్మమని యెన్నబడుదానిని రాజదండనముచే జనులచేత నాచరింపజేయవచ్చునా, కూడదా యను ప్రశ్న మిక్కిలి పురాతనమైనది. క్రైస్తవదేశములలో నిది వందలయేండ్లుగా వివాదవిషయమై యున్నది. తమ మతగ్రంథము పాపమని చెప్పినదానినెల్ల నేరముగా నెంచి శిక్షింపవలెనని కొందఱును, పాపము దేవునికిని మనుష్యునికిని నడుమనుండునదనియు, నేరము మనుష్యుడు మనుష్యునికి జేయు నపకారమనియు, రాజశాసనము రెండవదానితోనే తృప్తినొందవలెననియు మఱికొందఱును వాదించుచు వచ్చిరి. మన దేశమున క్రైస్తవులు సంఖ్యచే స్వల్పులు. అయినను మన శిక్షాస్మృతిని వ్రాసినవారు క్రైస్తవదేశస్థు లగుటచే, వారి మతనీతిలో గొంతభాగము మనకు దెలియకయే మన చట్టములలో జేరి మన పల్లెలవఱకును వచ్చినది.

ఎల్లమ్మ గుడికిని ఎల్లమ్మ చెఱువునకును బేరువడసిన హుస్నాబాదువంటి యూరి వారికి నిది దూరదేశపు చర్చ కాదు. ఆ యూరు నిజాము రాజ్యములోనిది. 1919వ సంవత్సరమున, అనగా 1329 ఫసలీలో, నిజాము ప్రభుత్వము హిజ్రాలనుగూర్చి యొక చట్టము చేసెను. అది 2023 వఱకును తెలంగాణమున చట్టముగానే యుండెను. బాలికలను దేవతలకు సమర్పించు నాచారమును మాన్పుటకు 1947లో మద్రాసు ప్రభుత్వము చేసిన చట్టము మాత్రము తెలంగాణమునకు రాలేదు. ఇచ్చటి జోగినులకు శాసనరక్షణము 1988లో గాని లభింపలేదు. ఇట్లు రావలసినది నలువదియేండ్లు జాగుచేసి వచ్చినది, రాదగనిది నూఱేండ్లకు బైగా నిలిచినది. రెండును నీతిపేరనే చేయబడిన శాసనములు. వాని భేదమును దెలిసికొనుటకు వట్టి తర్కముకంటె నొక మహనీయుని జీవితమే మనకు మంచి దారి చూపగలదని తలచి, బ్రహ్మర్షియని యాంధ్రులచే గొనియాడబడిన శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి చరిత్రము నిచ్చట సంగ్రహముగా జెప్పుచున్నాము. వారు క్రైస్తవగురువులయొద్ద విద్య నేర్చినవారు, నీతియే ప్రాణముగా బ్రదికినవారు, నిజాము సీమలోను బనిచేసినవారు. కావున నీ విచారమునకు వారి చరిత్ర మన్నివిధముల దగియున్నది.

నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీని మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. తండ్రి యుద్యోగమునుబట్టి వారి బాల్యము కొంత యుత్తరదేశమునను, కొంత హైదరాబాదునను గడచినది. అందుచే వారికి చిన్ననాటనే హిందూస్థానీ, ఉర్దూ, పారసీభాషలతో బరిచయము కలిగెను. పిమ్మట మద్రాసు క్రైస్తవకళాశాలలో జేరి విలియము మిల్లరు దొరగారికి శిష్యులైరి.

ఈ మిల్లరుగారు స్కాట్లండు దేశపు మతాచార్యులే. అయినను హిందూబాలురకు జ్ఞానస్నాన మిప్పించుటే విద్యయొక్క పరమప్రయోజనమని వారు తలచలేదు. సత్యమును, నీతిని బోధించి విడిచినచో నవి దేశమున దమంతట వ్యాపించునని వారి విశ్వాసము. ఇందుకై తోడి మిషనరీలలో గొందఱు వారిని నిందించిరి కూడను. అట్టి గురువుచేత శిక్షితులైన నాయుడుగారు బైబిలును భక్తితో జదివిరి, క్రీస్తుజీవితమును బూజ్యముగా నెంచిరి. అయినను క్రైస్తవమతమును స్వీకరింపక, ఏకేశ్వరోపాసకులై బ్రహ్మసమాజమున జేరిరి. నీతి యెక్కడనుండి వచ్చినను దానిని స్వీకరింపవచ్చుననియు, దానికై యొకరి మతమునకు లోబడ నవసరము లేదనియు వారి నడతయే తెలిపినది.

వారు విద్యార్థులుగా నున్న కాలముననే ఇంగ్లండులో సంఘపవిత్రతోద్యమము ప్రబలెను. దాని చరిత్రము మన విషయమునకు ముఖ్యమైనది గనుక గొంచెము చెప్పవలసియున్నది. జోసెఫీను బట్లరమ్మ యను క్రైస్తవస్త్రీ, సైనికుల యారోగ్యముకొఱకని వేశ్యలను బలవంతముగా బరీక్షించు శాసనములపై బోరాడెను. దోషము నిద్దఱు చేయగా శాసనము స్త్రీనే పట్టుకొనుట యన్యాయమని యామె వాదము. ఆ శాసనములు ఇంగ్లండులో 1886లోను, మన దేశమున 1888లోను రద్దైనవి. ఆ దినములలోనే, అనగా 1885లో, బాలికల సమ్మతివయస్సును పదునాఱేండ్లకు బెంచుచు నచ్చట మఱియొక శాసనము పుట్టెను. అది బాలికలకు మేలు చేసెను. కాని చివరిగడియలో దానియందే పురుషులు రహస్యముగా దమలో దాము చేయు కార్యములకును శిక్ష విధించు నొక నిబంధనము చేర్చబడెను. ఒకే పుస్తకమున నొక పుట బాలికను గాపాడినది, వేఱొకపుట యెవరికిని హానిచేయనివారిని జెఱసాలకు బంపినది. నీతిపేర శాసనము చేయువారు సర్వదా స్మరింపవలసిన విషయమిది.

నాయుడుగారు పట్టపరీక్షలలో గృతార్థులై, 1891లో నాంగ్లసాహిత్యమున ఎం.ఏ. పట్టమొంది, మచిలీపట్టణపు నోబిలు కళాశాలలో నధ్యాపకులైరి. ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, కోపల్లె హనుమంతరావు మొదలగు దేశసేవకులు వారి శిష్యులే. వారు యౌవనముననే భార్యను గోల్పోయి, మరల వివాహమాడక, తెల్లని వస్త్రములను దాల్చి తుదివఱకు బ్రహ్మచర్యమున గాలము గడపిరి. పవిత్రతను గూర్చి యితరులకు జెప్పుటకు ముందుగా దమ యింటనే దానిని స్థాపించుకొనినవారగుటచే వారి మాటకు గౌరవము కలిగెను.

ఆ కాలమున మన సీమలలో భోగముమేళము లేనిదే వివాహము కాని, దొరల విందు కాని శోభింపదని పెద్దలెల్ల దలచుచుండిరి. కందుకూరి వీరేశలింగముగారు తొలుత నీ దురాచారముపై గలమెత్తిరి. నాయుడుగారు దానిని సంఘపవిత్రతోద్యమముగా రూపొందించిరి. 1893లో మద్రాసు సంస్కర్తలు, నాచ్చు జరుగు సభలకు బోవలదని రాజప్రతినిధికిని, మద్రాసు గవర్నరుకును విన్నపములు పంపిరి. ఆ యిరువురు దొరలును, తాము చూచిన నాట్యములలో నసభ్యమేదియు గానరాలేదని చెప్పి యా విన్నపములను నిరాకరించిరి. క్రైస్తవప్రభువులైనవారే యిట్లు కాదనినపుడు సంస్కర్తలకు మిగిలిన సాధనమేది? తమ మనస్సాక్షియు, తమ పొరుగువాని మనస్సాక్షియు మాత్రమే. ప్రతిజ్ఞలు చేసి, చేయించి, మేళము పెట్టిన యింటికి బోక, యుపన్యాసములు చెప్పుచు బదియేండ్లలో, ఇరువదియేండ్లలో విద్యావంతుల యిండ్లనుండి యా యాచారమును వెడలగొట్టిరి. అందుకై యొక పోలీసు జవానైనను గదలలేదు, ఒక నాణెమైనను జుల్మానా వసూలు కాలేదు.

ఇందు మఱియొక విశేషము కలదు. నాయుడుగారి బోధ ముఖ్యముగా బురుషులకు, అందును విద్యార్థులకు జేయబడినది. స్త్రీకొక నీతి, పురుషునికొక నీతి యను మాటను వారంగీకరింపలేదు. పవిత్రత స్త్రీయందు గోరువాడు తనయందును దానిని జూపవలెనని వారు పలుమాఱు బోధించిరి. కాని బోధకుడు చెప్పినదానినెల్ల లోకము వినదు. వినుటకు సులభమైన భాగమునే వినును. ధనమిచ్చి మేళము పెట్టించిన పురుషులు సభలలో గౌరవముతోనే కూర్చుండిరి. ఆడిపాడి బ్రదుకు కలావంతుల స్త్రీలకు మాత్రము జీవనాధారము పోయినది, దానితో నవమానమును దోడైనది. యామినీ పూర్ణతిలకమ్మగారు మద్రాసున హిందూయువతీశరణాలయమును స్థాపించి యా స్త్రీలకు విద్యను, వృత్తిని జూపిరి. అట్టి యాశ్రయములు దేశమంతట వెలసియుండినచో నీ యుద్యమముయొక్క ఫలము మఱింత తియ్యనై యుండెడిది. ఆ స్త్రీల నాట్యవిద్యయు నశించుటకు సిద్ధమై, చాలకాలమునకు నటరాజ రామకృష్ణగారి శ్రమచే నాంధ్రనాట్యమను పేర గొంతవఱకు నిలిచినది.

1899లో నాయుడుగారు సికింద్రాబాదు మహబూబు కళాశాలకు బ్రధానాచార్యులై వచ్చి కొన్నియేండ్లు నిజాము సీమలో బనిచేసిరి. అచ్చట రాజు మహమ్మదీయుడు, ప్రజలు పెక్కుమంది హిందువులు, కంటోన్మెంటులో నధికారము క్రైస్తవులది. ఈ మూడు మతములలో దేని నీతిని చట్టముగా జేసినను మిగిలినవారికది దౌర్జన్యమే యగును. ఇట్టిచోట నీతిని బోధించువాడు తన ప్రవర్తనమును మాత్రమే ప్రమాణముగా జూపవలసియుండును. పిమ్మట వారు కాకినాడకు బోయి పిఠాపురము రాజావారి కళాశాలకు బ్రధానాచార్యులై 1919 వఱకు నుండిరి. పిఠాపురాధీశుల ధనముతోను, తమ పూనికతోను నచ్చట ననాథాశ్రమమును, ఆదియాంధ్రబాలురకు వసతిగృహమును, బ్రహ్మమందిరమును నెలకొల్పిరి. అంటరానివారని త్రోసివేయబడిన పిల్లలకును, స్త్రీలకును గళాశాలాద్వారములు తెఱువబడినవి. ఇవి యెల్ల చట్టము చేయుమనగా జేసిన పనులు కావు.

అట్లని బ్రహ్మసామాజికులు శాసనమే వలదని యెన్నడును జెప్పలేదు. వారి వివాహములకు జెల్లుబాటు కావలసియుండగా 1872లో మూడవ చట్టము పుట్టెను. అది కులభేదము లేని యేకపత్నీవివాహమును జెల్లుబాటు చేసెను, వధూవరులకు గనీసపు వయస్సును నిర్ణయించెను. ఇంతవఱకు మేలే. కాని దానిక్రింద వివాహమాడువారు తాము హిందువులము కామనియు, క్రైస్తవులము, మహమ్మదీయులము, పార్సీలము మొదలగువారము కామనియు వ్రాసి యీయవలసియుండెను. పెండ్లికి వచ్చినవానిని రాజ్యము నీ దేవుడెవడని యడిగి, కాదనిపించి, యటుపిమ్మట ననుజ్ఞ నిచ్చుచుండెను! మేము హిందువులము కామని చెప్పజాలక యెందఱో బాధపడిరి. 1923లో నీ నిర్బంధము హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులకు సడలింపబడెను. 1954లో వచ్చిన ప్రత్యేకవివాహచట్టముతో నందఱికిని దొలగెను. శాసనము తలుపు తెఱచుట మంచిదే. తలుపుకడ నిలిచి మనస్సాక్షిని సోదాచేయుట మాత్రము దాని పని కాదని యీ చరిత్రమువలన దెలియుచున్నది.

నీతిపరులు శాసనమును మితిమీఱి నమ్మినచో నేమగునో చూపుటకు రెండుదాహరణములు చాలును. మొదటిది పుస్తకమునకు సంబంధించినది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు తంజావూరు కవయిత్రియైన ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బరిష్కరించి ప్రకటించిరి. వీరేశలింగముగారివంటి మహాపురుషులే యా కావ్యమును జూగుప్సతో జూచియుండిరి. మఱుసటియేట ప్రభుత్వము దాని ప్రతులను బట్టుకొనెను. ఇంగ్లీషువారి సభ్యతకై ఏర్పడిన శిక్షాసూత్రము తెలుగుకవయిత్రిపై బ్రయోగింపబడెను. పురుషులు రచించిన శృంగారకావ్యములు పండితుల యిండ్లలో నిశ్చింతగా నుండగా స్త్రీ వ్రాసినది చెఱపాలయ్యెను. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. ఒక కావ్యము రుచింపనిచో దానిని విమర్శింపవచ్చును, చదువవలదని చెప్పవచ్చును. అది సంస్కర్తకు గల హక్కు. దానిని జప్తుచేయుట వేఱు.

రెండవది మనము మొదట దలచిన 1919 నాటి నిజాము చట్టము. దీనికి మాతృక 1871లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన నేరజాతుల చట్టములోని యొక భాగము. హిజ్రాల పేర్లను బట్టికలో నెక్కించుటకును, స్త్రీవేషముతో గాని నగలతో గాని వీథిలో గానవచ్చినను, పాడినను, ఆడినను వారంటు లేకయే పట్టుకొనుటకును, రెండేండ్లవఱకు చెఱయందుంచుటకును నది యధికారమిచ్చెను. ఎవరి సొత్తును వారపహరించిరని కాదు, ఎవరిని గొట్టిరని కాదు. వారి వేషమే నేరము! దీని మూలమును వెదకినచో 1533లో నెనిమిదవ హెన్రీరాజు, అంతవఱకు మతాధికారుల న్యాయస్థానములు విచారించు పాపమును రాజన్యాయస్థానపు నేరముగా మార్చిన శాసనము వఱకు బోవలసియుండును. ఆ శాసనమే మన 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సూత్రముగా వచ్చి కూర్చుండెను. యుక్తవయస్కుల సమ్మతికార్యములవిషయమున దానిని 2018లో మన సర్వోన్నతన్యాయస్థానము కొట్టివేసెను. 2023 జులైలో తెలంగాణ ఉన్నతన్యాయస్థానము హిజ్రాల చట్టమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. క్రైస్తవదేశమున మతమునుండి చట్టములోనికి వచ్చిన యొక నియమము, క్రైస్తవులు కాని ప్రభువు పాలించిన సీమలో, క్రైస్తవమతమునే యెఱుగని బీదవారిపై నూఱేండ్లకు బైగా వ్రేలాడుచుండెను. ఇంతకాలమును దానివలన నొక్కనికైన బవిత్రత కలిగినదని యెవరును జెప్పజాలరు.

అయినచో బాల్యవివాహములను, బాలికాసమర్పణములను నేమిచేయవలెనని యొకరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్న సమంజసమే. దీనికి నుత్తరము స్పష్టము. అచ్చట నొక బిడ్డకు హాని కలుగుచున్నది. 1891లో సమ్మతివయస్సును పండ్రెండేండ్లు చేసిన శాసనమును మనము సమర్థించుట యేదో యొక శాస్త్రము చెప్పినదని కాదు, కాదనుటకు శక్తిలేని పసిపిల్లను గాపాడుటకే. 1929లో ముత్తులక్ష్మీరెడ్డిగారి పూనికచే మద్రాసున వచ్చిన సవరణ మింకను మేలైనది. ఆమె దేవదాసీకులమున బుట్టిన తల్లికి బిడ్డ. గుడిలో సేవ చేసినగాని యీనాము భూమి నిలువదను నిర్బంధమే యా స్త్రీలను గట్టివేసియుండెను. ఆ భూములను సేవనుండి విడదీసి వారికే యిచ్చుటచే నా శాసనము వారి సంకెలను ద్రెంచెను. అది యే స్త్రీని జెఱకు బంపలేదు. 1947 నాటి చట్టము బాలికాసమర్పణమును జెల్లదనియు, సమర్పితలైన స్త్రీల వివాహములు చెల్లుననియు శాసించెను. తెలంగాణమున నెల్లమ్మ, పోచమ్మల పేర జోగినులుగా విడువబడిన బాలికలు పెక్కురు దళితుల బిడ్డలు. భూమి లేదు, చదువు లేదు, ఊరి పెద్దలను కాదనుటకు బలము లేదు. 1988 నాటి చట్టము వారికి గొంత యాసరా యైనది. కాని భూమియు, వృత్తియు, గౌరవమును జేకూర్పక కేవలము చట్టపుబ్రతిని జూపినచో వారి యాకలి తీఱదని యిచ్చట బనిచేసినవారందఱు నెఱుగుదురు.

కావున నొక శాసనము తగినదో కాదో తెలిసికొనుటకు మనము మూడు విషయములను విచారింపవలెను. అది తప్పించుచున్న హాని యెవరిది? దాని శిక్ష యెవరిపై బడుచున్నది? దానిని సమర్థించుటకు మతగ్రంథమును జూపనక్కఱలేకయే యన్యమతస్థునికిని, మతము లేనివానికిని నచ్చజెప్పగలమా? పసిబిడ్డల రక్షణము ఈ మూడు విచారణలకును నిలుచును. ఇనాము భూముల విముక్తి నిలుచును. కావ్యనిషేధము నిలువదు. హిజ్రాల చట్టము నిలువదు. ఈ విచారణ క్రైస్తవనీతికి మాత్రమే కాదు, హిందూనీతికిని, మహమ్మదీయనీతికిని, మన సమాజపు నీతికిని సమముగా వర్తింపవలెను. తన మతము చట్టమైనపుడు సంతోషించి, పరమతము చట్టమైనపుడు మొఱపెట్టువాడు న్యాయమును గోరుచున్నవాడు కాడు, అధికారమును గోరుచున్నవాడు.

నాయుడుగారు తుదిదినములలోను గౌరవమునకు గొదువలేక జీవించిరి. 1924లో వారికి సర్ బిరుదము లభించెను. 1925 మొదలు 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండి కులపతియని పిలువబడిరి. మద్రాసు శాసనసభలోను గూర్చుండిరి. శాసనము చేయు పీఠమును జేరియు, వారు లోకమునకు స్మరణీయులగుట యే శాసనముచేతను గాదు. 1939వ సంవత్సరము మే 26వ తేదీని వారు కాకినాడలో దేహము చాలించిరి. వారి శిష్యులు వారినిగూర్చి చెప్పుకొన్నది వారు విధించిన శిక్షలనుగూర్చి కాదు, వారి యెదుట నిలిచినపుడు నీచమైన తలపు మనస్సున నిలువనేరకపోవుటను గూర్చియే.

విద్యావంతులగు సోదరులారా! మన యూళ్లలో మద్యము, కట్నము, జోగినివ్యవస్థ మొదలగు ననర్థము లింకను మిగిలియున్నవి. బలహీనునికి హాని కలుగుచోట శాసనమును దప్పక కోరుదము. కోరి యూరకుండక, ఆ బలహీనునికి భూమియో, చదువో, యాశ్రయమో చేకూర్పుదము. పొరుగువాని వస్త్రమును, పఠనమును, ప్రేమను, ప్రార్థనమును బోలీసుల కప్పగింపక, నచ్చనిచోట మాటతోను నడతతోను నచ్చజెప్పుదము. సర్వాంతర్యామియైన పరమేశ్వరుడు మనుష్యుని హృదయమున మనస్సాక్షిని నిలిపియుండగా, ఆ గద్దెపై నమీనును గూర్చుండబెట్టుట మనకు దగదు.